సింహం అని విన్నాడు, గొర్రెపిల్లను చూశాడు

తెలుగు ప్రసంగాల్లో తరచూ వినబడే మాట ఒకటుంది: "అపవాది సింహము 'వలె' తిరుగుతున్నాడు, అంతే. అసలు సింహం మన యేసయ్య." అపవాది, అంటే సాతాను, గురించిన 1 పేతురు 5:8లో 'వలె' ఉంది, యేసు గురించిన ప్రకటన గ్రంథం 5:5లో లేదు, కాబట్టి ఒకటి నకిలీ, ఇంకొకటి అసలు అన్నది దీని తర్కం. వినడానికి బాగుంటుంది, గుర్తుంటుంది, హల్లెలూయలు కూడా గట్టిగానే పడతాయి. హోషేయ 5:14 దగ్గరకొచ్చేసరికి మాత్రం ఈ తర్కం నిలబడదు. అక్కడ దేవుడే తన గురించి చెప్పుకుంటూ ఎఫ్రాయిమీయులకు సింహమువంటివాడను, యూదావారికి కొదమ సింహమువంటివాడను అంటున్నాడు. 'వంటి' అన్నంత మాత్రాన నకిలీ అయిపోతే ఈ వచనాన్ని ఏం చేసుకోవాలి?

ఆ వచనంలో 'వంటి' కంటే గట్టిగా తగలాల్సింది ఇంకోటుంది. ఆ సింహం చీలుస్తున్నది ఎవరిని? ఎఫ్రాయిమును, యూదాను. తన సొంత జనాన్ని. "నేనే వారిని చీల్చెదను" అన్న మాట కూడా పక్కనే ఉంది.

నా వాదన ఇదీ. లేఖనాల్లో సింహానికి స్థిరమైన అర్థమంటూ లేదు. దేవుణ్ణి సింహంతో పోల్చిన చోట్ల ఆ పంజా ఎక్కువగా దేవుని ప్రజల మీదే పడుతుంది. క్రీస్తుకు సింహమన్న బిరుదు కొత్త నిబంధన మొత్తంలో ఒకే ఒక్కసారి వచ్చి, తర్వాతి వచనంలోనే గొర్రెపిల్లకు చోటిచ్చి తప్పుకుంటుంది. కాబట్టి వాగ్దాన కార్డుల మీద, మహాసభల ఫ్లెక్సీల మీద నోరు తెరిచిన జూలు సింహాన్ని వేసి, కింద "మీ శత్రువులు పారిపోవుదురు" అన్న ధోరణిలో రాసుకోవడం లేఖనాన్ని దాదాపు తలకిందులుగా చదవడమే.

గొల్లవాడి సింహం

మనకు సింహం ఎక్కడ తెలుసు? గోపురం మీద, నాలుగు తలల రాజముద్ర మీద, సినిమా పేర్లలో, "వాడు సింహంరా" అన్న మెచ్చుకోలులో. మన గొల్లవాళ్లు భయపడ్డది పులికి, చిరుతకి. ఏ ఇంట్లోనూ సింహం మేకను ఎత్తుకెళ్లిన కథ ఉండదు. అందుకే ఆ మాట వినగానే మనకు రాజసం కనబడుతుంది, నష్టం కనబడదు.

బైబిలు దేశంలో సంగతి వేరు. యొర్దాను దిగువ లోయలో, నది ఒడ్డు పొదల్లో, రెల్లులో సింహాలు ఉండేవి. యిర్మీయా 49:19, జెకర్యా 11:3 చెప్పేది ఆ పొదల సింహం గురించే. క్రీస్తు శకం 13వ శతాబ్దం నాటికి గాని ఆ ప్రాంతంలో సింహాలు అంతరించిపోలేదు. వాటి దగ్గరి బంధువులు ఈనాడు అడవిలో మిగిలింది గుజరాత్ గిర్ ప్రాంతంలో మాత్రమే. 2025 లెక్కలో 891. బేత్లెహేము పొలాల్లో గొర్రెలు కాసిన దావీదుకు సింహమంటే అలంకారం కాదు, మందలోకి వచ్చి గొర్రెపిల్లను నోట కరుచుకుపోయే మృగం (1 సమూయేలు 17:34).

ఈ గొల్లవాడి కంటితో చూడకపోతే ఆమోసు 3:12 బొత్తిగా అర్థం కాదు. సింహం నోటనుండి గొల్లవాడు రెండు కాళ్లనైనా చెవి ముక్కనైనా విడిపించినట్లు ఇశ్రాయేలీయులు తప్పించబడతారట. దీన్ని "దేవుడు కొంచెమైనా కాపాడతాడు" అని ఓదార్పుగా చెప్పేవారున్నారు. నిర్గమకాండము 22:13 తెరిచి చూడండి. అప్పగించిన పశువును మృగం చీలిస్తే కాపరి ఆ చీలిన ముక్కను సాక్ష్యంగా తేవాలి. తెస్తే నష్టం కట్టనక్కర్లేదు. రెండు కాళ్లు, చెవి ముక్క గొల్లవాడు తెచ్చేది అందుకే. గొర్రె బతికిందని చూపడానికి కాదు, చచ్చిందని రుజువు చేయడానికి. లాబానుకు యాకోబు పెట్టిన మొరలో (ఆదికాండము 31:39) కూడా ఈ లెక్కే ఉంది: చీల్చబడినదాన్ని నీ దగ్గరకు తేకుండా ఆ నష్టం నేనే భరించాను అంటాడు. ఉత్తర ఇశ్రాయేలు రాజ్య రాజధాని షోమ్రోనులో మంచాల మీద ఒరిగి కూర్చున్నవాళ్లతో, తెకోవ కాపరి అయిన ఆమోసు అన్న మాట ఎంత కటువైనదో అప్పుడు తెలుస్తుంది. మీరు తప్పించుకునేది ఆ చెవి ముక్క తప్పించుకున్నట్టే.

ఇదే అధ్యాయంలో 4వ వచనం, ఎర దొరకకుండా సింహం అడవిలో గర్జిస్తుందా అని అడుగుతుంది. సింహం పొంచి వేటాడుతున్నప్పుడు గర్జించదు. గర్జన హద్దు చాటుకోవడానికి, దూరంగా ఉన్న గుంపును పిలవడానికి. నిశ్శబ్దపు రాత్రి 8 కిలోమీటర్ల దాకా వినబడుతుంది. ఆమోసు ప్రశ్నలో గర్జన అంటే ఎర అప్పటికే పట్టుబడిందని. 8వ వచనంలో "సింహము గర్జించెను, భయపడనివాడెవడు?" అన్నప్పుడు ఆ గర్జన దేవుని మాట, వినవలసినవాళ్లు ఇశ్రాయేలు ఇంటివాళ్లు. ఈ వచనాన్ని అన్యుల మీద దేవుని గర్జనగా పాడుకుంటే 3:1లో ఉన్న చిరునామాను చెరిపేసినట్టే.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. హోషేయ 13:7–8లో దేవుడు సింహం, చిరుతపులి, పిల్లలు పోయిన ఎలుగుబంటి. విలాపవాక్యములు 3:10లో యెరూషలేము శిథిలాల మధ్య ఏడుస్తున్న మనిషికి దేవుడు చాటున పొంచిన సింహం. 1 రాజులు 13లో మాట తప్పిన దైవజనుణ్ణి దారిలో సింహం చంపి, శవాన్ని తినకుండా, పక్కనున్న గాడిదను ముట్టకుండా నిలబడుతుంది. ఆకలితో వచ్చిన సింహం అలా నిలబడదు, దారిన పోయేవాళ్లు ఆ సంగతి చెప్పగా విన్న ముసలి ప్రవక్త అది తీర్పని అన్నాడు. యెషయా 38:13లో జబ్బుపడిన హిజ్కియా రాజు, సింహంలా నా ఎముకలన్నీ విరిచాడు అన్నదీ దేవుని గురించే.

మినహాయింపులు లేవని అనను. యిర్మీయా 49:19లో ఎదోము మీద, 50:44లో బబులోను మీద సింహం లేస్తుంది. హోషేయ 11:10లో గర్జన విని పిల్లలు పడమటి దిక్కునుండి వణుకుతూ తిరిగొస్తారు. అది చీల్చే గర్జన కాదు, పిలిచే గర్జన. యెషయా 31:4లో ఎర మీద నిలబడ్డ సింహాన్ని గొల్లల కేకలు బెదరగొట్టలేవు. అక్కడ దేవుడు సీయోను పక్షాన దిగుతున్నాడా, సీయోను మీదికి దిగుతున్నాడా అన్నది పండితులు ఇప్పటికీ తేల్చలేదు. తర్వాతి వచనంలో పిల్లల మీద ఎగిరే పక్షులు కనబడుతున్నాయి కాబట్టి రక్షణ వైపే మొగ్గుతాను. ఇవన్నీ కలిపినా తూకం సొంత ఇంటి వైపే ఉంటుంది.

యూదా సింహం బోనులో

యాకోబు దీవెనలో యూదా కొదమ సింహం (ఆదికాండము 49:9). ఆ చిత్రం ఫ్లెక్సీ సింహంలా ఉండదు. తిని వచ్చి, కాళ్లు ముడుచుకుని పడుకున్న సింహం. "అతని లేపువాడెవడు?" అన్న ప్రశ్నలోనే బలమంతా ఉంది. సింహమన్న పేరు యూదా సొత్తూ కాదు: ద్వితీయోపదేశకాండము 33లో గాదు గోత్రం సింహం, దాను గోత్రం బాషాను నుండి దూకే సింహపు పిల్ల. ఉత్తర రాజ్యంలో యరొబాము సేవకుడు షెమా అన్నవాడి ముద్ర మీద కూడా గర్జించే సింహమే ఉంది. 1904లో మెగిద్దో తవ్వకాల్లో దొరికిన ఆ ముద్ర తర్వాత కనబడకుండా పోయింది, అచ్చులు మిగిలాయి.

యూదా సింహానికి అసలు కథ యెహెజ్కేలు 19లో జరుగుతుంది, ఎందుకో ఆ అధ్యాయం మీద ప్రసంగాలు అరుదు. తల్లి సింహం రెండు పిల్లల్ని పెంచుతుంది. మొదటిది వేట నేర్చుకుని మనుషుల్ని తింటుంది. జనాలు దాన్ని గోతిలో పట్టి, గాలాలు తగిలించి ఐగుప్తుకు తీసుకెళ్తారు. అతను యెహోయాహాజు: క్రీ.పూ. 609లో మూడు నెలలు ఏలాక ఫరో నెకో పట్టుకుపోయిన రాజు. రెండోది యెహోయాకీనా, సిద్కియానా అన్నది తేలలేదు. ఎవరైనా ముగింపు ఒకటే: వల, గొయ్యి, బోను, బబులోను. ఇశ్రాయేలు పర్వతాల మీద వాడి గర్జన ఇక వినబడదు. ప్రవక్త దీన్ని ప్రలాప గీతంగా, అంటే శవం దగ్గర పాడే పాటగా రాశాడు.

బోను కూడా కవి కల్పన కాదు. నీనెవెలో అష్షూరు రాజు అషుర్‌బానిపాల్ భవనం గోడల మీద, రాజు వేట కోసం బోనులోంచి సింహాన్ని వదులుతున్న శిల్పం ఉండేది, క్రీ.పూ. 645 ప్రాంతపు ఆ పలకలు ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. బబులోనులో నెబుకద్నెజరు ఊరేగింపు వీధి గోడల మీద రంగు ఇటుకలతో చేసిన సింహాలు సుమారు 120 ఉండేవి. చెరకొచ్చిన యూదులకు సింహం పరాయి రాజు గోడ మీది బొమ్మ కూడా. దానియేలు 7:4లో మొదటి మృగం గద్ద రెక్కల సింహంగా రావడానికి నేపథ్యం ఇదే.

ఇంత చరిత్ర తర్వాత "యూదా గోత్రపు సింహము" అన్న బిరుదు ప్రకటనలో మళ్లీ వినబడుతోంది. బోనులో నోరు మూసుకున్న వంశం పేరు అది. దావీదుకు చిగురు అన్న మాట పక్కన ఎందుకు పెట్టారో ఇక్కడ తెలుస్తుంది: నరికిన మొద్దుకే చిగురు వస్తుంది.

ఐదో వచనం తర్వాత ఆరోది

ప్రకటన 5లో, దేవుని చేతిలోని గ్రంథానికి వేసిన ముద్రలు విప్పగలవాడు దొరకలేదని యోహాను ఏడుస్తున్నాడు. పరలోకంలోని పెద్దల్లో ఒకడు, ఏడవకు, యూదా గోత్రపు సింహం జయం పొందెను అంటాడు. యోహాను చూస్తాడు. కనబడింది వధింపబడినట్లుండిన గొర్రెపిల్ల. ప్రకటనలో వినడం, చూడడం ఇలా జంటగా వస్తాయి: 7:4లో లక్షా నలభై నాలుగు వేలని వింటాడు, 7:9లో లెక్కపెట్టలేని సమూహాన్ని చూస్తాడు. విన్నదానికి అసలు రూపు చూసినదానిలో ఉంటుంది.

ఆ రోజుల్లో వినేవాడు ఏం ఎదురుచూసి ఉంటాడో ఊహించనక్కర్లేదు. ఎజ్రా నాలుగో గ్రంథం అని పిలిచే యూదు రచన ఉంది, క్రీ.శ. 70లో దేవాలయం కూలాక, ఆ శతాబ్దం చివర రాసింది, ప్రకటనకు ఇంచుమించు సమకాలికం. అందులో రోముకు గుర్తయిన గద్ద మీద అడవిలోంచి సింహం గర్జిస్తూ వస్తుంది, మనిషి గొంతుతో తీర్పు చదువుతుంది, గద్ద కాలిపోతుంది. ఆ సింహం దావీదు సంతానమైన మెస్సీయ అని గ్రంథమే చెబుతుంది. ఆ బిరుదే, ఆ శత్రువే ప్రకటనలోనూ ఉన్నాయి. గద్ద మీదికి దూకాల్సిన చోట మాత్రం మెడ మీద కోత ఉన్న గొర్రెపిల్ల నిలబడి ఉంది. "జయం పొందెను" అన్నది ఎలాగో 5:9 చెబుతుంది: వధింపబడి, రక్తమిచ్చి కొన్నందువల్ల.

ఆ తర్వాత ఏమైందో లెక్కేసి చూడండి. కొత్త నిబంధనలో సింహం తొమ్మిది చోట్ల వస్తుంది, ఆరు ప్రకటనలోనే. సువార్తల్లో ఒక్కటీ లేదు. ప్రకటనలోని ఆరింటిలో 4:7 దేవుని సింహాసనం చుట్టూ ఉన్న నాలుగు జీవుల్లో మొదటిది, 5:5 క్రీస్తు, 10:3 బలిష్ఠుడైన దూత గొంతు. మిగతా మూడూ మిడతల పళ్లు (9:8), గుర్రాల తలలు (9:17), సముద్రంలోంచి వచ్చిన మృగం నోరు (13:2). యేసును గొర్రెపిల్ల అన్నది 28 సార్లు. సింహమన్నది ఆ ఒక్కసారే. ఐదో అధ్యాయం దాటాక సింహపు పళ్లు, నోరు శత్రువు ముఖానికి వెళ్లిపోయాయి.

రాజులకు మాత్రం ఆరో వచనం ఎప్పుడూ అక్కర్లేకపోయింది. ఇతియోపియా చక్రవర్తులు జయించిన యూదా గోత్రపు సింహాన్ని తమ బిరుదుల్లో చేర్చుకున్నారు. ఆ బిరుదుతో ఏలిన చివరివాడు హైలే సెలాసీ 1974లో పదవీచ్యుతుడయ్యాడు.

ఒప్పుకోవలసిన అభ్యంతరాలు

నా వాదన మీద బలమైన అభ్యంతరం ఒకటి: గొర్రెపిల్ల అంటే మెత్తనిది అనుకుంటే అదీ తప్పే. దానికి ఏడు కొమ్ములున్నాయి. 6:16లో భూరాజులు గొర్రెపిల్ల ఉగ్రతకు భయపడి కొండల్ని తమ మీద పడమంటారు. 17:14లో గొర్రెపిల్ల రాజుల్ని జయిస్తుంది. నిజమే. సింహాన్ని తీసేసి సాధువైన బొమ్మ పెట్టమని నేననడం లేదు. బలం ఉంది, ఆ బలం ఏ దారిన వచ్చిందన్నదే ప్రశ్న. కొమ్ములు ఏడూ వధింపబడిన దాని తల మీదే ఉన్నాయి.

రెండోది, హింసలో ఉన్న చిన్న సంఘానికి సింహం బొమ్మ ధైర్యమిస్తుంది కదా, ఎందుకు లాక్కోవాలి? దీనికి తేలిగ్గా జవాబు చెప్పలేం. 1 పేతురు రాసింది అలాంటివాళ్లకే. కాని పేతురు వాళ్ల చేతికి సింహాన్ని ఇవ్వలేదు. ఎదుటివాణ్ణి సింహమన్నాడు, విశ్వాసంలో స్థిరంగా నిలిచి ఎదిరించమన్నాడు, లోకంలోని మీ సహోదరులకూ ఇవే శ్రమలు అని గుర్తుచేశాడు. ఇక్కడ ఇంకో పల్పిట్ కథ చెబుతారు: గర్జించేది పళ్లూడిన ముసలి సింహం, భయపెట్టడం తప్ప ఏమీ చేయలేదని. ఆ వచనంలో ఆ సింహం మింగడానికి వెదుకుతోంది. పళ్లు ఉన్నాయి. హెబ్రీయులకు 11:33లో సింహాల నోళ్లు మూసినవాళ్లున్నారు, నాలుగు వచనాల తర్వాత రంపాలతో కోయబడినవాళ్లూ ఉన్నారు. రెండూ చదవకుండా ధైర్యం చెప్పడం మోసం.

మూడోది: సంఘ పితరులు, అంటే తొలి శతాబ్దాల క్రైస్తవ బోధకులు, సింహాన్ని క్రీస్తుకు గుర్తుగా వాడారు కదా? వాడారు. సింహపు పిల్లలు చచ్చి పుడతాయని, మూడో రోజున తండ్రి ఊపిరి పోస్తే లేస్తాయని ఫిజియోలోగస్ అన్న పాత గ్రంథం చెప్పి, పునరుత్థానానికి ముడిపెట్టింది. సింహపు పిల్లలు బతికే పుడతాయి, కళ్లు మాత్రం మూసుకుని ఉంటాయి. నలుగురు సువార్తికులకు ప్రకటన 4:7లోని నాలుగు జీవుల్ని గుర్తులుగా పంచినప్పుడు ఇరేనియస్ సింహాన్ని యోహానుకు, అగస్టీను మత్తయికి, జెరోము మార్కుకు ఇచ్చారు. మార్కుకు గుర్తయిన వెనిస్ నగరపు రెక్కల సింహం జెరోము పంపకం వల్ల నిలిచింది. అగస్టీను మాత్రం నాకు పనికొచ్చే మాట ఒకటి రాశాడు: ఒకే వస్తువు విరుద్ధమైన అర్థాలిస్తుంది, సింహం ప్రకటన 5:5లో క్రీస్తు, 1 పేతురు 5:8లో అపవాది. అసలు, నకిలీ అని విడగొట్టాల్సిన అవసరం ఆయనకు కనబడలేదు.

పాఠం సిద్ధం చేసేవారికి

సింహం మీద పాఠం చెప్పాలంటే వచనాలు పోగేయడంతో మొదలుపెట్టాలి, అక్కడే మొదటి తప్పు జరుగుతుంది. ఫోను బైబిలులో "సింహ" అని వెదికితే సింహాసనాలన్నీ వచ్చి మీద పడతాయి. ముందు వాటిని తీసేయాలి. (ఆ పోలికను పట్టుకుని ప్రసంగం కట్టొద్దు, అది మన భాషలోని పోలిక. నిజంగా సింహాలున్న సింహాసనం సొలొమోనుది: చేతుల పక్కన రెండు, ఆరు మెట్ల మీద పన్నెండు, 1 రాజులు 10:19–20.) కొదమ సింహం, ఆడు సింహం, సింహపు పిల్ల విడిగా వెదకాలి. తర్వాత నిజమైన జంతువులున్న చోట్లు పక్కన పెట్టండి: సమ్సోను చీల్చినది, మంచు కురిసిన రోజున దావీదు యోధుడు బెనాయా గోతిలో చంపినది, దానియేలు గుహలోవి, 2 రాజులు 17లో షోమ్రోనుకు వచ్చినవాళ్లను చంపినవి. దానియేలు గుహలోని సింహాలకు "మీ సమస్యలు" అని అర్థం చెప్పేముందు, 6:24లో అవే సింహాలు నేరం మోపినవారిని భార్యాపిల్లలతో సహా నేల తాకకముందే నలిపేశాయన్నది పిల్లలకు ఎలా చెబుతారో ఆలోచించుకోండి.

మిగిలిన ప్రతి వచనానికీ పక్కన మూడు మాటలు రాయాలి: సింహం ఎవరు, ఏం చేస్తోంది, ఎవరి మీద. పడుకుందా, పొంచిందా, గర్జించిందా, చీల్చిందా అన్నది తేడా తెస్తుంది. సామెతలు 28:1లో నీతిమంతుడి ధైర్యానికి సింహం, 28:15లో బీదల మీద దుష్టుడైన అధికారికి సింహం. ఒకే అధ్యాయం, పద్నాలుగు వచనాల దూరం. "ఎవరి మీద" అన్న మూడో మాటే జనం వదిలేస్తారు, ప్రసంగం తప్పుదారి పట్టేదీ అక్కడే. యెహెజ్కేలు 22:25లో ఎరను చీల్చే సింహం ప్రవక్తల కుట్ర; సేవకుల సదస్సుల్లో ఆ వచనం బ్యానరుకెక్కడం కనబడదు.

గడ్డి మేసే సింహం

చివరిగా, సింహం గొర్రెపిల్ల పక్కపక్కన పడుకున్న బొమ్మ. యెషయా 11:6లో గొర్రెపిల్లతో ఉండేది తోడేలు. కొదమ సింహం దూడతో, పెంచబడిన కోడెతో ఉంటుంది. 7వ వచనంలోనూ, 65:25లోనూ అది ఎద్దులా గడ్డి మేస్తుంది. సింహం పేగు పొట్టిది, గడ్డిని అరిగించుకోలేదు. పళ్లు కోయడానికి ఉన్నాయి, నమలడానికి కాదు. అంటే ప్రవక్త చెబుతున్నది మచ్చికైన సింహం గురించి కాదు, లోపలంతా మళ్లీ చేయబడిన సింహం గురించి. అదే యెషయా గ్రంథంలో 35:9 మాత్రం విమోచింపబడినవారు నడిచే దారిలో సింహమే ఉండదంటుంది. ఒకటి కొండ, ఒకటి రహదారి కాబట్టి రెండూ పొసగుతాయని వ్యాఖ్యాతలు సర్దుతారు. సర్దవచ్చు. కాని వినేవాళ్లు ఒకేరకం కాదని నా ఉద్దేశం: పళ్లు మార్చుకోవలసినవాడికి మొదటి వచనం, ఆ పళ్ల గుర్తులు ఇంకా ఒంటి మీదున్నవాడికి రెండోది.